జంట పట్టీ

మా పైలట్ క్వార్టర్సులో ఏ ఇంటి వంటింట్లోకి తొంగిచూసినా పోపుల డబ్బా పక్కన ఒక రేడియో ఉంటుంది. పాటలు వచ్చే రేడియో కాదు. కంట్రోల్ టవరుకీ, ఓడల మీదికి వెళ్ళిన మా మగవాళ్ళకీ మధ్య నడిచే మాటలు వినిపించే సెట్టు. తీర నౌకా సంస్థ దాన్ని మాకు ఇవ్వలేదు, ఉంచుకోవద్దని అననూ లేదు. బయటి ఓడల కెప్టెన్లకి మా రేవు లోతులు తెలియవు కాబట్టి లోపలికి తేవాలన్నా, బయటికి పంపాలన్నా మా పైలట్ ఎక్కాల్సిందే. ఓడని ఛానల్ అనే ఇరుకు నీటిదారి దాటించి, బయటి సముద్రంలో దాని మానాన దాన్ని వదిలేసి, పైలట్ తాళ్ళ నిచ్చెన దిగి లాంచీలో కాలు పెట్టగానే పైలట్ ఓడ వదిలేశాడని రేడియోలో ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. "పైలట్ అవే."

ఆ మాట వినగానే మేము బియ్యం కడుగుతాం. లాంచీ జెట్టీకి వచ్చి మనిషి ఇల్లు చేరేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. నడుస్తున్న ఓడ మీంచి ఊగుతున్న లాంచీలోకి దిగడమే ఈ ఉద్యోగంలో అసలైన గండం. అందుకని ఆ మాట వినకుండా ఎసరు పెట్టడం మా దగ్గర అపశకునం. క్వార్టర్సులోకి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకి మేము మొదట నేర్పేది ఇదే.

ఉగాది వెళ్ళాక ఆ రేడియో మూగబోయింది. దానికి కారణం ఎస్తేరు. ఇలా అంటే మా ఆయన ఒప్పుకోరు. కారణం సైన్సు అంటారు.

మా ఆయన పేరు గోవర్ధన్. నీలరేవులో సీనియర్ పైలట్. నా పేరు వకుళ. అదే రేవులో బెర్తింగ్ అధికారిని. ఏ ఓడని ఏ బెర్తులో కట్టాలి, ఏది ముందు, ఏది వెనక అన్నది నేను తేలుస్తాను. అంతకుముందు టవర్లో రేడియో ముందు కూర్చునేదాన్ని. మనిషిని చూడకముందే నాకు ఆయన గొంతుతో పరిచయం. "కంట్రోల్, ఛానల్ మొదట్లో ఉన్నాను" అని ఆయనంటే, ఆ గొంతుని బట్టి బయట గాలి ఎలా ఉందో చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక, మొగుడు ఓడ మీదా పెళ్ళాం టవర్లోనూ ఉండకూడదని సంస్థ నన్ను బెర్తింగుకి మార్చింది. నా కుర్చీలోకి ఎస్తేరు వచ్చింది. అప్పట్లో నాకేమీ అనిపించలేదు. కుర్చీయే కదా అనుకున్నాను.

ఆ కుర్చీలో కూర్చునే ఎస్తేరు ఒక టగ్గు తిరగబడడం చూసింది. పెద్ద ఓడల్ని తోసి, లాగి, దారిలో పెట్టే చిన్న బలమైన పడవని టగ్గు అంటారు. ఒక బొగ్గు ఓడ తోక పక్కకి జరుగుతోందని రాడారులో ముందు చూసింది ఆమే. చూసి, మైకు నొక్కి, నోరు తెరిచి మాట అనే లోపల ఆ ఓడ కింద పడి టగ్గు బోర్లా తిరిగింది. ఇద్దరు పోయారు. విచారణలో ఆమె తప్పేమీ లేదన్నారు. కళ్ళు చూశాక మాట పుట్టడానికి పట్టే కాలమే ఆ ఇద్దరి ప్రాణాలు తీసిందని తేల్చారు.

ఆ కాలాన్ని మింగేసే యంత్రం చేశానని డాక్టర్ భానుమూర్తి వచ్చారు. సంస్థ ఆయనకి పాత ఉప్పు గోడౌన్ ఇస్తే, దాన్నే ప్రయోగశాల చేసుకున్నారు. ఒకరోజు మా అందరినీ పిలిచి ఇద్దరు టగ్గు కళాసీల ఛాతీలకి రెండు వెడల్పాటి పట్టీలు కట్టారు. ఒకతన్ని తెర వెనక్కి పంపి, బకెట్టు నిండా ఐసునీళ్ళలో చెయ్యి పెట్టమన్నారు. మా ముందు కూర్చున్న రెండో అతను ఉన్నట్టుండి "ఓలమ్మో" అంటూ చెయ్యి జేబులో దూర్చుకున్నాడు. చలికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అందరం గుడ్లప్పగించి చూశాం.

"మాట కన్నా ముందు ఒళ్ళు చెబుతుందండీ," అన్నారు భానుమూర్తి. "ప్రమాదం కనపడగానే గుండె లయ మారుతుంది, కండరం బిగుస్తుంది, ఊపిరి ఆగుతుంది. ఆ కబురు ఈ పట్టీ నుంచి ఆ పట్టీకి పోతుంది. టవర్లో మనిషి రాడారులో చూసింది ఓడ మీది మనిషికి ఒంట్లోనే తెలిసిపోతుంది. ఓడ మీది మనిషి కాళ్ళకి తెలిసింది టవర్లోకి వచ్చేస్తుంది. ఇక మాటలతో పనేముంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అయితే ఏ ఇద్దరికి పడితే ఆ ఇద్దరికి పట్టీలు కలవవు. జంట కుదరాలి. జాతకాలు చూసినట్టు రెండు వారాలు అందరినీ మార్చిమార్చి కూర్చోబెట్టి పరీక్షించారు. మొగుడూపెళ్ళాలు ఉండకూడదన్న నియమం ఈ పట్టీకి వర్తించదనీ, దగ్గరివాళ్ళయితే ఇంకా మంచిదనీ భానుమూర్తి గారే అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నా కుర్చీ నాకు తిరిగి వస్తుందనుకున్నాను. మంచి చీర కట్టుకుని వెళ్ళి పట్టీ బిగించుకుని కూర్చున్నాను. అవతలి గదిలో ఆయన. వేడినీళ్ళు, చన్నీళ్ళు, హఠాత్తుగా పేల్చిన టపాకాయ, అన్నీ అయ్యాయి. నాకేమీ తెలియలేదు. గోడకి చెవి ఆనించినట్టు ఉంది.

మర్నాడు అదే గదిలో ఎస్తేరు కూర్చుంది. టపాకాయ ఆయన దగ్గర పేలితే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడిందట.

"ఇంతవరకు ఇలాంటి జంట కుదరలేదు," అని భానుమూర్తి గారు ఫలితాల బోర్డు మీద వాళ్ళిద్దరి పేర్లు పక్కపక్కన రాశారు. గోవర్ధన్, ఎస్తేరు. శుభలేఖ మీద రాసినట్టు రాశారు. నా కడుపు మండిపోయింది. అది మా ఆయన మీదా, ఎస్తేరు మీదా, ఆ సుద్దముక్క మీదా అన్నది అప్పుడు తేల్చుకోలేదు. ఇప్పుడూ తేల్చుకోదలచుకోలేదు.

*

నిజం చెప్పాలంటే పట్టీ పని బాగానే చేసింది. మా రేవులో ఓడలు వెన్నలో కత్తి దిగినట్టు వస్తూ పోతూ ఉండేవి. ఛానల్ గట్టు వైపు ఓడ గుంజితే, మా ఆయన పొట్టలో ఎవరో వేలు పెట్టి లాగినట్టు ముందే తెలిసేదట. సంస్థ పెద్దలు ఢిల్లీ నుంచి వచ్చి ఎస్తేరుకి శాలువా కప్పి వెళ్ళారు. ఒకదాని వెంట ఒకటి మిగతా పైలట్లకి కూడా జంటలు కుదిరాయి.

మా వంటిళ్ళలో మాత్రం రేడియో కిచకిచమని ఊరుకునేది. టవర్లో వాళ్ళకి ఒంట్లోనే అన్నీ తెలిసిపోతున్నాయి కదా, నోటితో చెప్పాల్సిన అగత్యం ఎవరికీ లేకపోయింది. పైలట్ దిగాడో లేదో మాకు చెప్పే దిక్కు లేదు. నేను కడిగిన బియ్యం ముందు పెట్టుకుని కిటికీలోంచి టవరు వంక చూసేదాన్ని. ఆ అద్దాల గదిలో ఒక ఆడమనిషికి నా మొగుడి గుండె చప్పుడు తెలుస్తోంది. ఆయనకి ఆకలేస్తే ఆమెకి తెలుస్తోంది. నాకు మాత్రం ఆయన గుమ్మంలోకి వచ్చి చెప్పులు విడిస్తే గానీ తెలియదు. అన్నం కొన్నాళ్ళు ముందే చల్లారిపోయేది, కొన్నాళ్ళు పలుకుగా ఉండేది.

"ఒక్క మాట రేడియోలో అంటే మీ సొమ్మేం పోయిందండీ?" అన్నాను ఒకరోజు.

"టవరుకి తెలుసుగా వకుళా."

"నేను టవర్నా?"

ఆయన నవ్వేసి అన్నం కలుపుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వంకాయ గొడవ మొదలైంది. మా ఆయన గుత్తివంకాయ కూర కోసం పెళ్ళివారింట్లో బంతి వదిలి వంటవాళ్ళ దగ్గరికి వెళ్ళే మనిషి. అలాంటివారు ఒకరోజు కూర పక్కకి తోసేశారు.

"ఏంటండీ, ఉప్పెక్కువైందా?"

"లేదు. ఎందుకో నోరు దురదగా ఉంది."

చూస్తే మెడ మీద ఎర్రగా దద్దుర్లు. మర్నాడు ఆఫీసు క్యాంటీన్లో ఎస్తేరు మా బల్ల దగ్గర కూర్చుంది. వంటవాడు సాంబారు వడ్డించబోతే గిన్నెలోకి తొంగిచూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"వంకాయ వేశారా? నాకు పడదు. దద్దుర్లొచ్చేస్తాయి, మేడమ్," అంది నాతో.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పట్టీ విప్పాక కూడా మనుషులు ఒకరిలోంచి ఒకరు పూర్తిగా విడిపోవడం లేదన్నమాట. ఆయన స్నానాల గదిలో ఏదో చర్చి పాట కూనిరాగం తీయడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. ఆ పాట ఎక్కడిదని అడిగితే "ఏమో, నోట్లో ఆడుతోంది" అన్నారు.

ఆ వారమంతా నేను వంకాయలే వండాను. కూర, పచ్చడి, వేపుడు, పులుసు. నా ఇంట్లో నా మొగుడు తినే కూరని ఇంకొకామె ఒళ్ళు ఎలా కాదంటుందో చూద్దామనుకున్నాను. పాపం, ఆయన మారు మాట్లాడకుండా తిని, వీపు గోడకి రాసుకునేవారు. నాకు జాలి వేసింది. అయినా వండాను.

చివరికి ఉప్పు గోడౌన్‌కి వెళ్ళి భానుమూర్తి గారిని నిలదీశాను.

"మరకలు మిగులుతున్నాయమ్మా," అన్నారు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "రోజూ కట్టుకుంటే ఒకరి అలవాట్లు ఒకరికి కొంత అంటుకుంటున్నాయి. నేను ఇది అనుకోలేదు. రాసి పైకి పంపాను. ప్రమాదాలు ఆగిపోయాయి కదా, వాళ్ళు వినే స్థితిలో లేరు."

"నాతో ఎందుకు కుదరలేదు? అది చెప్పండి ముందు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "మీ లోపం కాదు. అవతల మీరున్నారని తెలియగానే మీ ఆయన ఒళ్ళు బిగదీసుకుపోయింది. భయం ఒక్క చుక్క కూడా మీ వైపు రానివ్వలేదు. ఎస్తేరు దగ్గర ఆయనకి ఆ పట్టింపు లేదు. అందుకే కుదిరింది."

పుండు మీద కారం చల్లినట్టయింది. పరాయి మనిషి దగ్గర తలుపులు బార్లా తెరిచి, నా దగ్గర గడియ పెట్టుకున్నారన్నమాట. ఇంటికి వెళ్ళి ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. ఏమైందని ఆయన అడగనూ లేదు.

*

కార్తీకంలో తుఫాను వచ్చింది. రేవులో పెద్ద ప్రమాద సూచిక ఎగరేశారు. తుఫాను నాడు ఓడలు బెర్తులకి కట్టి ఉంటే అలలకి గోడల్ని గుద్దుకుని తామూ పగులుతాయి, బెర్తుల్నీ పగలగొడతాయి. అందుకని అలాంటప్పుడు రేవు ఖాళీ చేయించి ఓడలన్నిటినీ బయటి సముద్రంలోకి తోలేస్తారు. ఏ బెర్తు ఖాళీ అయిందో, తర్వాత ఏ ఓడ కదలాలో చెప్పడానికి నేను పొద్దున్నే టవర్లో ఉన్నాను. భానుమూర్తి గారు తన పరికరాల ముందున్నారు. కిటికీ దగ్గర, నా పాత కుర్చీలో, ఛాతీకి పట్టీతో ఎస్తేరు.

మధ్యాహ్నానికి ఒక్క ఓడ మిగిలింది. 'ఈస్టర్న్ లోటస్' అనే ముడి ఇనుము ఓడ. దాని మీద మా ఆయన. వాన అద్దాల మీద చెంబులతో పోసినట్టు పడుతోంది. ఓడ ఛానల్లో సగం దూరం వెళ్ళింది. అక్కడ రెండు పక్కలా రాళ్ళ గట్లు ఉంటాయి. ఓడ అడ్డం తిరిగితే గట్టుకి గుద్దుకుని అక్కడే మునుగుతుంది. లోపలున్న పాతికమందికి పైగా మనుషులతో సహా.

సరిగ్గా అక్కడ దాని ఇంజను ఆగిపోయింది.

ఆ సంగతి రేడియో చెప్పలేదు. ఎస్తేరు చెప్పింది. చెప్పడం కాదు, కుర్చీ చేతులు పట్టుకుని ఆ అని నోరు తెరిచింది. రాడారులో ఓడ తోక పక్కకి జరగడం మొదలైంది. టగ్గు తిరగబడిన రోజు ఆమె చూసింది సరిగ్గా అదే. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

భానుమూర్తి గారి పరికరంలో రెండు గీతలు పోటీపడి పైకి లేచాయి. "అయ్యో, కూత పెడుతోంది," అని ఆయన అరిచారు. పెళ్ళి పందిట్లో మైకుని స్పీకరు ముందు పెడితే కూత వచ్చినట్టు, ఆయన భయం ఈమెకి వచ్చి, ఈమె పాత భయంతో కలిసి రెట్టింపై ఆయనకి వెళ్ళి, అక్కడి నుంచి మళ్ళీ రెట్టింపై ఇటు వస్తోంది. ఇద్దరూ కొయ్యబారిపోయారు. టవర్ నుంచి మాట లేదు, ఓడ మీంచి మాట లేదు. ఓడ మెల్లగా అడ్డం తిరుగుతోంది.

"పట్టీ లాగేయండి!" అన్నాను.

"ఠక్కున లాగితే అవతల ఆయన స్పృహ తప్పి పడతారు. ఓడకి దిక్కెవరు? ఇంకొకరు ఈ పట్టీలోకి దూరాలి. ఇద్దరినీ కలిపి బిగించి, తర్వాత ఎస్తేరుని మెల్లగా జార్చాలి. భయపడని మనిషి కావాలి."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అందరి ముఖాల్లోనూ భయమే.

నా ఒంట్లో మాత్రం ఆ నిమిషాన భయానికి చోటు లేదు. చస్తూ కూడా ఆయన ఆమెతోనే చస్తున్నారు. ఇద్దరూ కలిసి ఒకే భయంలో, ఒకే ఊపిరిలో ఉన్నారు, నేను పక్కన నిలబడి ఓడల వరస చెబుతున్నాను. ఉగాది నుంచి కూడబెట్టుకున్న మంటంతా నెత్తికెక్కింది.

"నేను కట్టుకుంటాను," అన్నాను.

"మీకు కుదరదమ్మా, పరీక్షలో..."

"ముందు కట్టండి!"

ఎవరి పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుందో ఆమెని ఛాతీకి ఛాతీ ఆనించి కావలించుకున్నాను. పట్టీ సాగదీసి మా ఇద్దరి చుట్టూ బిగించారు. ఎస్తేరు చెమటా, కొబ్బరినూనె వాసనా. ఆమె వణుకు నా ఎముకల్లోకి వచ్చింది. కాసేపటికి ఆమెని కింది నుంచి జార్చి తీశారు. పట్టీలో నేను మిగిలాను.

అప్పుడు వచ్చింది. నాలుక ఎండిపోవడం, కాళ్ళ కింద అంత పెద్ద ఇనుము చచ్చిన చేపలా జారడం. ఇది ఆయన భయం. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఒక్కసారి కూడా చూడనిది. ఇంత భయం పెట్టుకుని ఈ మనిషి రోజూ భోజనానికి వచ్చి కూరలో ఉప్పు బాగుందని అంటున్నారా? నాకు ఏడుపు రాలేదు, ఇంకా కోపం వచ్చింది. ఆ కోపమంతా అటు వెళ్ళి ఉంటుంది. ఎందుకంటే, అవతల ఏదో ఒక్కసారి ఉలిక్కిపడింది. పరికరంలో గీత ఆగింది.

ఆ వెంటనే అవతల తలుపు మూసుకోసాగింది. భానుమూర్తి గారు చెప్పిన బిగింపు అదే. నేనని ఆయనకి తెలిసిపోయింది. ఆ చావు మధ్యలో కూడా, తన భయం నాకు అంటకుండా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తలుపుకి భుజం ఆనించి నిలబడ్డారు. ఆ భుజం నాకు తెలిసింది.

నేను మైకు అందుకున్నాను. నా పాత మైకు.

"ఈస్టర్న్ లోటస్, నీలరేవు కంట్రోల్. ఏవండీ, వినపడుతోందా? ఓడ తోక ఉత్తరం గట్టు వైపు పోతోంది. టగ్గు మీ వెనకే ఉంది, తాడు కోసం చూస్తోంది. నోరు తెరిచి మాట్లాడండి."

కిచకిచ. వాన. ఆ తర్వాత ఆ గొంతు.

"కంట్రోల్, విన్నాను. లంగరు వదులుతున్నాను. టగ్గుని తోక పట్టుకోమను."

"పట్టుకుంటోంది. గట్టు ఇంకా దూరంగానే ఉంది. ఆగింది... ఓడ తోక ఆగింది."

"ఇంజను రూము వాళ్ళు ఇంకాసేపు అడుగుతున్నారు."

"ఇవ్వండి. నేనెక్కడికీ పోను."

లంగరు పట్టింది, టగ్గు లాగింది, ఇంజను దగ్గి దగ్గి మళ్ళీ అందుకుంది. ఓడ వంకరగా, కుంటుతూ, గట్లు దాటి బయటపడింది. టవర్లో ఎవరో ఏడ్చారు. లాంచీ వెళ్ళే సముద్రం కాదు, కనుక ఆయన దిగే వీలు లేదు. ఓడ ఆయన్ని తీసుకునే తుఫానుకి ఎదురెళ్ళింది. దూరం పెరిగే కొద్దీ పట్టీలో ఆ భుజం బరువు పలచబడి, ఎక్కడో వాన మధ్యలో అందకుండా పోయింది.

ఆయన నాలుగైదు రోజుల తర్వాత ఒరిస్సా వైపు ఒక రేవులో దిగి రైల్లో వచ్చారు. అంతవరకు "పైలట్ అవే" వినలేదు కాబట్టి నేను ఎసరు పెట్టలేదు. అటుకులు నానేసుకుని తిన్నాను.

గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన అన్న మొదటి మాట ఇది. "చుక్కాని గదిలో కాళ్ళు చచ్చిపోయి నిలబడ్డాను. ఉన్నట్టుండి ఒళ్ళంతా భగ్గుమని మండింది. ఇది ఎస్తేరు కాదు, మా ఆవిడే అనుకున్నాను."

"అబ్బో, గుర్తుపట్టారే!"

"ఆ మంట ఇంకెవరికి ఉంటుంది?" అని నవ్వారు. ఆ రాత్రి గుత్తివంకాయ పెట్టాను. దద్దుర్లు రాలేదు.

*

విచారణ అయ్యేదాకా పట్టీలన్నిటినీ ఉప్పు గోడౌన్లో పెట్టి తాళం వేశారు. టవర్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎస్తేరు కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది. ఆ కూత దెబ్బకి పడిపోయిన ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, ఇక టవర్లో పనికిరాదన్నారు. తిప్పి తిప్పి నా విభాగంలోనే, నా పక్క కుర్చీలోనే వేశారు.

ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. కాఫీ ఇచ్చాను. ఎడమ చెయ్యి ఒడిలో పెట్టుకుని కుడిచేత్తో తాగింది.

"అక్కా, నీకు నా మీద మంట అని నాకు తెలుసు," అంది. ఆఫీసులో మేడమ్ మేడమ్ అనే మనిషి.

"ఎవరు చెప్పారు?"

"ఒకే పట్టీలో దూరాం కదా. బాబోయ్, పొయ్యిలో పెట్టినట్టయింది నాకు."

నేను లేచి కాఫీ గిన్నె కడగబోయాను.

"నాకూ అలాగే ఉండేది," అంది. "నీ మీద."

"నా మీదా? నా దగ్గర ఏముందని?"

ఆమె కప్పు కింద పెట్టింది. "సారు నిచ్చెన దిగుతారు చూడు, అప్పటిదాకా ఒళ్ళంతా భయమే. లాంచీలో కాలు పెట్టగానే ఇక్కడ," అని ఛాతీ మధ్యలో చెయ్యి పెట్టుకుంది, "ఇక్కడ వెచ్చగా ఏదో లేచేది అక్కా. రోజూ అంతే. నాకెవరున్నారు? అమ్మ, నేను. నా కోసం ఎవరి లోపలా అలా లేవలేదు ఎప్పుడూ. అది నా గురించే అనుకున్నాను. అబద్ధం ఎందుకు, కొన్నాళ్ళు మంచి చీరలు కట్టుకొచ్చాను డ్యూటీకి."

నా వేళ్ళు పమిట కొంగుని నలిపేస్తున్నాయి.

"ఎండాకాలంలో నువ్వు మీ పుట్టింటికెళ్ళావు కదా. ఆ రోజు కూడా లాంచీలో కాలు పెట్టగానే వెచ్చగా లేచింది. లేచి, సగంలో ఆగి, చల్లారిపోయింది. మళ్ళీ నువ్వొచ్చేదాకా రోజూ అంతే. లేవడం, గుర్తు రావడం, చల్లారడం. అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో బియ్యం కడిగే మనిషి లేదని ఆయనకి గుర్తొచ్చేది. 'పైలట్ అవే' అని నోటితో అనడం మానేశారు గానీ అక్కా, ఆ మాట లోపల రోజూ అనుకునేవారు. టవరుకి కాదు. నీకు."

ఆమె కళ్ళు తుడుచుకుని, వెళ్ళొస్తానంది. ఉండమన్నాను. వంకాయ లేకుండా వండి పెట్టాను.

ఆమె చెప్పింది విన్నాక నా మంట చల్లారిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇంకా పెరిగింది. నేను పట్టీ కట్టుకున్న రోజు ఆయన ఇంటికి రావడం లేదు, తుఫానులోకి వెళుతున్నారు. నాకు దక్కింది భయమూ, మూసుకున్న తలుపూ. ఆయనకి నా మీద ఉన్న ప్రేమ ఒంట్లో ఎలా ఉంటుందో ఈ లోకంలో తెలిసిన మనిషి ఎస్తేరు ఒక్కతే. మామూలు రోజున ఒక్కసారి పట్టీ కట్టమని భానుమూర్తి గారిని బతిమాలాను. తాళం తన చేతిలో లేదన్నారు. ఉన్నా లాభం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అవతల నేనున్నానంటే మా ఆయన మళ్ళీ తలుపుకి భుజం ఆనిస్తారు.

అందుకని ఎస్తేరుని ప్రతి ఆదివారం భోజనానికి పిలుస్తాను. వంటింట్లో పీట మీద కూర్చుంటుంది. ఇద్దరం రేడియో వింటాం. టవర్లో కొత్త పిల్ల గొంతు, ఓడ మీంచి ఆయన గొంతు, తర్వాత ఆ మాట. "పైలట్ అవే."

"ఇప్పుడా?" అంటాను.

"ఇప్పుడే అక్కా," అంటుంది ఎస్తేరు, పట్టీ లేని ఛాతీ మీద మంచి చెయ్యి పెట్టుకుని. బియ్యం కడుగుతూ నేను ఆ చేతి వంకే చూస్తాను.